అమెరికాలో మందులకు ఇన్సూరెన్స్ అప్రూవల్: ఫార్మసీ దగ్గర ఆగిపోయిన ప్రిస్క్రిప్షన్‌ను కదిలించడం ఎలా

డాక్టర్ మందు రాశారు, ప్రిస్క్రిప్షన్ ఫార్మసీకి వెళ్లిపోయింది. సాయంత్రం తెచ్చుకుందామనుకుంటే ఫోన్‌కి మెసేజ్ వస్తుంది: మీ ఇన్సూరెన్స్ అనుమతి కావాలి, ఆగండి అని. వారం గడుస్తుంది. ఫార్మసీని అడిగితే డాక్టర్‌కి పంపామంటారు. క్లినిక్‌ని అడిగితే ఇన్సూరెన్స్ దగ్గర ఉందంటారు. ఇన్సూరెన్స్‌కి ఫోన్ చేస్తే మాకు ఏమీ రాలేదంటారు. చాలాసార్లు ముగ్గురూ నిజమే చెబుతుంటారు. ఫ్యాక్స్ మధ్యలో ఎక్కడో పడి ఉంటుంది. అవును, ఈ దేశంలో ఈ పని ఇంకా ఫ్యాక్స్ మీద నడుస్తోంది.

దీని పేరు ప్రయర్ ఆథరైజేషన్. అందరూ పీఏ అంటారు. ఇండియాలో హెల్త్ ఇన్సూరెన్స్ అంటే ప్రధానంగా ఆస్పత్రిలో చేరినప్పటి ఖర్చు. నెలనెలా వాడే మందులు మెడికల్ షాపులో డబ్బులిచ్చి కొనుక్కోవడమే. అందుకే కొత్తగా వచ్చినవాళ్లకు ఇదంతా అర్థం కాదు. డాక్టర్ రాసిన మందుకు ఇంకొకరి అనుమతి ఏంటి అనిపిస్తుంది.

ముందే తెలుసుకోవాల్సింది ఒకటుంది. పీఏ పెట్టిన ప్రతి మందుకూ ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర షరతుల జాబితా రాసి ఉంటుంది. అందులోని ఒక్కో ప్రశ్నకూ మీ మెడికల్ రికార్డుల్లో జవాబు దొరికితే అప్రూవల్ వస్తుంది, ఒక్కదానికి దొరక్కపోయినా డినయల్ వస్తుంది. ఆ జాబితా చూడకుండా ఎంత బతిమాలినా, ఎన్ని ఫోన్లు చేసినా పని కదలదు. కింద చెప్పేదంతా ఆ జాబితా సంపాదించి, దానికి సరిపోయే కాగితాలు పంపించడం గురించే.

మొదటి అడుగు: ఫార్మసీ స్క్రీన్ మీద ఏముందో అడగండి

"ఇన్సూరెన్స్ ఒప్పుకోవడం లేదు" అంటే ఊరుకోకండి. ఎందుకు ఒప్పుకోలేదో కోడ్ రూపంలో వాళ్ల స్క్రీన్ మీద కనిపిస్తుంది. అమెరికా అంతటా ఫార్మసీలు ఒకే రకం కోడ్‌లు వాడతాయి.

75 అంటే పీఏ కావాలి. 70 అంటే ఆ మందు మీ ప్లాన్‌లో కవర్ కాదు. 76 అంటే ప్లాన్ పెట్టిన పరిమితి దాటింది, ఉదాహరణకు నెలకు 30 మాత్రలే ఇస్తామంటే డాక్టర్ 60 రాశారన్నమాట. 79 అంటే రీఫిల్‌కి ఇంకా టైమ్ కాలేదు.

ఒక్కోదానికి ఒక్కో దారి. 75కి డాక్టర్ ఆఫీసు నుంచి పీఏ వెళ్లాలి. 70కి అయితే 'ఫార్ములరీ ఎక్సెప్షన్' అడగాలి (ఫార్ములరీ అంటే ప్లాన్ కవర్ చేసే మందుల జాబితా), లేదా ఆ జాబితాలో ఉన్న వేరే మందుకు మారాలి. 76కి ఒక్కోసారి పీఏతో పనే ఉండదు: 10 ఎంజీ మాత్రలు రోజుకు రెండు అని రాసినదాన్ని 20 ఎంజీ రోజుకు ఒకటి అని మార్చి రాస్తే అక్కడితో అయిపోతుంది. కోడ్ అడగకుండా పీఏ కోసం పది రోజులు ఎదురుచూసి, చివరికి అసలు సమస్య పరిమితి అని తెలుసుకునేవాళ్లు తక్కువేం కాదు.

ఫార్మసిస్ట్‌ని ఇంకో మాట కూడా అడగండి: రిజెక్షన్ కింద ఇన్సూరెన్స్ వాళ్ల సందేశం ఏమైనా ఉందా అని. చాలాసార్లు ఫలానా మందు ముందు వాడాలి అనో, ఈ నంబరుకి డాక్టర్ ఫోన్ చేయాలి అనో అక్కడే రాసి ఉంటుంది.

రెండో అడుగు: నిర్ణయం ఎవరిదో తేల్చుకోండి

కార్డు మీద పెద్ద అక్షరాలతో ఉన్న ఇన్సూరెన్స్ కంపెనీ మీ మందుల సంగతి చూడకపోవచ్చు. ఆ పని ఫార్మసీ బెనిఫిట్ మేనేజర్ చేస్తుంది, పీబీఎం అంటారు. సీవీఎస్ కేర్‌మార్క్, ఎక్స్‌ప్రెస్ స్క్రిప్ట్స్, ఆప్టమ్ ఆర్‌ఎక్స్ అనే మూడు కంపెనీలదే దేశంలో పెద్ద వాటా. 2023లో అమెరికాలో ఇచ్చిన ప్రిస్క్రిప్షన్లలో దాదాపు 80 శాతం ఈ మూడింటి చేతుల మీదుగానే వెళ్లాయని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024 జూలై నివేదికలో రాసింది. కార్డు మీద ఆర్‌ఎక్స్ బిన్, పీసీఎన్, ఆర్‌ఎక్స్ గ్రూప్ అని నంబర్లుంటాయి చూడండి, వాటి పక్కనే ఫార్మసీ హెల్ప్ నంబరు ఉంటుంది. మందుల గురించి ఫోన్ చేయాల్సింది ఆ నంబరుకే. మామూలు కస్టమర్ సర్వీస్‌కి చేస్తే అరగంట పాటలు వినిపించి, చివరికి ఇక్కడికే పంపిస్తారు.

ఒక మినహాయింపు ఉంది. క్లినిక్‌లో నరానికి ఎక్కించే మందులు, నర్సు ఇచ్చే కొన్ని ఇంజెక్షన్లు చాలావరకు ఫార్మసీ బెనిఫిట్ కిందకు రావు, మెడికల్ బెనిఫిట్ కిందకు వస్తాయి. వాటి పీఏ చూసే విభాగం వేరు, ఫ్యాక్స్ నంబరు వేరు. తప్పు విభాగానికి వెళ్లిన పీఏని వాళ్లు సరైన చోటికి పంపిస్తారనే నమ్మకం పెట్టుకోవద్దు.

మీ ప్లాన్ ఎలాంటిదో కూడా కనుక్కోండి. కంపెనీ ఇన్సూరెన్స్ కొని ఇచ్చిందా, లేక తన జేబులోంచే క్లెయిములు కడుతోందా? రెండో దాన్ని సెల్ఫ్ ఫండెడ్ అంటారు. ఉద్యోగం ద్వారా ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లలో 63 శాతం మంది ఇలాంటి ప్లాన్లలోనే ఉన్నారని కేఎఫ్‌ఎఫ్ సంస్థ 2024 సర్వే చెబుతోంది. మన ఐటీ వాళ్లలో పెద్ద కంపెనీల్లో ఉన్నవాళ్లవి చాలావరకు ఇవే. వీటికి రాష్ట్ర ఇన్సూరెన్స్ చట్టాలు మామూలుగా వర్తించవు. ఉద్యోగుల బెనిఫిట్ ప్లాన్ల కోసం ఉన్న ఫెడరల్ చట్టం ఎరిసా వర్తిస్తుంది. ఒక లాభం కూడా ఉంది. డబ్బు కట్టేది కంపెనీయే కనుక, మందుల నిబంధనలు మార్చే అధికారం చివరికి దానిదే. హెచ్‌ఆర్‌లో బెనిఫిట్స్ చూసేవాళ్లకు ఒక ఈమెయిల్ రాయడం వృథా కాదు. జబ్బు వివరాలన్నీ అందులో రాయక్కర్లేదు, మందు పేరు, డినయల్ తేదీ చాలు.

మూడో అడుగు: షరతుల జాబితా సంపాదించండి

పీబీఎం వెబ్‌సైట్‌లో లాగిన్ అయి మందు పేరు కొడితే అది ఏ టియర్‌లో (ధర శ్రేణిలో) ఉందో, పీఏ ఉందో లేదో, స్టెప్ థెరపీ ఉందో లేదో కనిపిస్తుంది. స్టెప్ థెరపీ అంటే చవక మందు ముందు వాడి, అది పని చేయలేదని చూపిస్తేనే ఖరీదైనది ఇస్తామనడం. కానీ అసలు షరతులు వేరే పత్రంలో ఉంటాయి. 'ప్రయర్ ఆథరైజేషన్ క్రైటీరియా' అన్న మాటకు మందు పేరు, మీ ప్లాన్ పేరు కలిపి వెతికితే కొన్ని పీడీఎఫ్‌లుగా దొరుకుతాయి. దొరక్కపోతే ఫోన్ చేసి, ఈ మందు క్రైటీరియా నాకు పంపండి, నా డాక్టర్‌కి కూడా ఫ్యాక్స్ చేయండి అని అడగండి. ఇంగ్లిష్‌లో ఇబ్బందైతే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగొచ్చు, డబ్బులు తీసుకోరు. ఇంట్లో పెద్దవాళ్ల తరఫున మీరు మాట్లాడేటట్లయితే వాళ్లు ఫోన్‌లో ఒకసారి ఒప్పుకోవాలి, లేదా అనుమతి ఫారం ముందే పంపి ఉండాలి.

ఆ పత్రం చదివితే చాలా సందేహాలు అక్కడే తీరిపోతాయి. ఓజెంపిక్ సంగతే చూడండి. దానికి 2017లో ఎఫ్‌డీఏ ఆమోదం వచ్చింది టైప్ 2 షుగర్ కోసం. చాలా ప్లాన్లు మొదట అడిగేది ఆ డయాగ్నోసిస్ ఉందా అనే. చార్టులో ప్రీడయాబెటిస్ కోడ్ ఆర్73.03 వేసి పంపితే డినయల్ దాదాపు ఖాయం. ఇ11తో మొదలయ్యే కోడ్ ఉండాలి, దానికి రుజువుగా 6.5 లేదా ఆ పైన హెచ్‌బీఏ1సీ వచ్చిన రిపోర్టు ఉండాలి. ఇప్పుడు మందులతో 6.1కి దిగినా ఫర్వాలేదు, మొదట డయాగ్నోసిస్ చేసిన నాటి రిపోర్టు కావాలి. బరువు తగ్గడానికి ఇచ్చే వెగోవీ, జెప్‌బౌండ్ లాంటివాటికి లేబుల్ ప్రకారం బీఎంఐ 30 ఉండాలి, లేదా 27 ఉండి బీపీ, కొలెస్ట్రాల్ లాంటి తోడు సమస్య ఒకటి ఉండాలి. మనవాళ్లకు ఇక్కడే చిక్కు. ఆసియా మూలాలున్నవాళ్లకు బీఎంఐ 23 నుంచే షుగర్ పరీక్షలు చేయాలని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015లోనే చెప్పింది, కానీ అది పరీక్షల గురించి. బీఎంఐ 25తో పొట్ట, షుగర్ రెండూ ఉన్న మన మనిషికి బరువు మందు పీఏ దారిలో వెళ్లడం కష్టం, షుగర్ మందు దారిలో వెళ్లడం తేలిక.

ప్లాన్ ఆ రకం మందులనే మినహాయించిందేమో కూడా ఇక్కడే చూసుకోవాలి. బరువు తగ్గే మందులు కవర్ చేయం అని ప్లాన్ పత్రంలో రాసి ఉంటే ఎంత గొప్ప ఉత్తరం రాసినా లాభం లేదు. దాన్ని మార్చగలిగింది హెచ్‌ఆర్ మాత్రమే.

కవర్ చేసే మందుల జాబితాలు మారుతుంటాయి. కేర్‌మార్క్ 2024 ఏప్రిల్ 1న కీళ్లవాతం లాంటివాటికి ఇచ్చే హ్యుమిరా ఇంజెక్షన్‌ను తన పెద్ద జాతీయ ఫార్ములరీల నుంచి తీసేసి, దాన్ని పోలిన మందులను (బయోసిమిలర్లను) పెట్టింది. 2025 జూలై 1న జెప్‌బౌండ్‌ను తీసేసి వెగోవీకి ప్రాధాన్యమిచ్చింది. నిరుడు అప్రూవ్ అయిన మందు ఈ ఏడాది ఆగిపోయిందంటే మీ వైపు తప్పేమీ లేకపోవచ్చు.

నాలుగో అడుగు: ఇండియాలో వాడిన మందులు లెక్కలోకి రావాలంటే

మనవాళ్ల పీఏలు పోయే చోటు ఎక్కువగా ఇదే, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

షరతుల్లో ఒకటి దాదాపు ఎప్పుడూ ఇలా ఉంటుంది: ఫలానా మందు కనీసం మూడు నెలలు వాడి చూశారా? పీబీఎం కంప్యూటర్ ముందు తన దగ్గరున్న క్లెయిముల్లో వెతుక్కుంటుంది. మీరు హైదరాబాద్‌లోనో గుంటూరులోనో నాలుగేళ్లు మెట్‌ఫార్మిన్ వాడి వచ్చి ఉండొచ్చు. ఆ సంగతి ఆ కంప్యూటర్‌కి తెలిసే దారి లేదు. దాని దృష్టిలో మీరు ఏ మందూ ముట్టుకోని మనిషి. అందుకే, "చవక మందు వాడినట్టు ఆధారం లేదు" అని డినయల్ వస్తుంది. ఇక్కడ కూడా గుడ్‌ఆర్‌ఎక్స్ కూపన్‌తోనో, కాస్ట్‌కో దగ్గర నగదుతోనో కొన్న మందులు ఆ లెక్కలో ఉండవు, ఎందుకంటే ఇన్సూరెన్స్‌కి బిల్లు వెళ్లలేదు.

దీనికి చేయాల్సింది ఇది. పాత ప్రిస్క్రిప్షన్ చీటీలు, ల్యాబ్ రిపోర్టులు, మెడికల్ షాపు బిల్లులు ఇంటి నుంచి వాట్సాప్‌లో తెప్పించండి. డాక్టర్ చేతిరాత అర్థం కాకపోయినా తేదీ, పేషెంట్ పేరు కనిపిస్తే విలువుంటుంది. తర్వాత అసలు పని: ఇండియా బ్రాండ్ పేర్లను మందు అసలు పేర్లలోకి మార్చి ఒక పేజీలో రాయడం. గ్లైకోమెట్ జీపీ 2 అని రాస్తే ఇక్కడ రివ్యూ చేసే ఫార్మసిస్ట్‌కి ఏమీ తెలియదు. అది మెట్‌ఫార్మిన్ 500 ఎంజీ, గ్లిమెపిరైడ్ 2 ఎంజీ కలిపిన మాత్ర. మనకు రెండు మూడు మందులు కలిపిన మాత్రలు ఎక్కువ; విడదీసి రాస్తే ఒక్క చీటీతోనే రెండు స్టెప్పులు పూర్తయినట్టు చూపించొచ్చు. స్ట్రిప్ ఫోటో ఉంటే దాని వెనక కాంపోజిషన్ రాసే ఉంటుంది.

పేజీలో ఒక్కో మందుకు నాలుగు సంగతులు ఉండాలి: పేరు, డోసు, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా, ఎందుకు ఆపారు. నమూనాకి ఇలా:

"మెట్‌ఫార్మిన్ 1000 ఎంజీ, రోజుకు రెండుసార్లు, 2022 జూన్ నుంచి 2023 మే వరకు. పూర్తి డోసులోనూ హెచ్‌బీఏ1సీ 8.6 దగ్గరే ఉంది. 2023 మేలో గ్లిమెపిరైడ్ 2 ఎంజీ కలిపారు. షుగర్ రెండుసార్లు 60 కిందకు పడిపోవడంతో 2023 అక్టోబర్‌లో ఆపేశారు."

పంపేది ఇంగ్లిష్‌లోనే అనుకోండి, పద్ధతి మాత్రం ఇదే. "చాలా మందులు వాడాను, ఏవీ పని చేయలేదు" అన్న వాక్యానికి రివ్యూయర్ దగ్గర విలువ లేదు. తేదీలు లేని చోట కనీసం నెల, సంవత్సరం రాయండి. లేనిది మాత్రం కల్పించకండి. ఒక తేదీ చార్టుతో సరిపోలకపోతే మిగతా అన్నిటినీ అనుమానంగా చూస్తారు.

ఈ పేజీని డాక్టర్‌కి ఇచ్చి, చార్టులోకి ఎక్కించమని అడగండి. మీ చేతిలో ఉన్న కాగితం కంటే డాక్టర్ విజిట్ నోట్‌లో, "పేషెంట్ గతంలో ఇవి వాడారు, ఈ కారణంతో ఆపారు" అని ఒక పేరా ఉంటే దానికే బరువెక్కువ. పీఏతో పాటు వెళ్లేది ఆ నోటే.

ఐదో అడుగు: క్లినిక్‌తో పని జరిపించుకోవడం

పీఏ పంపాల్సింది డాక్టర్ ఆఫీసు, మీరు కాదు. అయితే డాక్టర్ స్వయంగా కూర్చుని ఫారాలు నింపరు. ఒక మెడికల్ అసిస్టెంటో, పీఏ కోసమే పెట్టుకున్న మనిషో ఆ పని చేస్తారు. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 2024 సర్వేలో ఒక్కో డాక్టర్ తరఫున వారానికి సగటున 39 పీఏలు వెళ్తున్నాయని, వాటికి 13 గంటలు పడుతోందని తేలింది. మీది ఆ 39లో ఒకటి. అరిచి గొడవ చేస్తే అది కింద పడుతుంది, సమాచారమంతా సిద్ధంగా ఇస్తే పైకి వస్తుంది. ఆ మనిషి పేరు కనుక్కుని, పోర్టల్‌లో ఒకే మెసేజ్‌లో అన్నీ పెట్టండి: మందు, డోసు, ఫార్మసీ చెప్పిన కోడ్, కార్డు రెండు వైపుల ఫోటో, క్రైటీరియా పీడీఎఫ్, మీరు రాసిన పేజీ, ల్యాబ్ రిపోర్టులు.

ఫ్యాక్స్ కాకుండా ఎలక్ట్రానిక్‌గా పంపగలరా అని అడగండి. కవర్‌మైమెడ్స్ లాంటి ఆన్‌లైన్ వ్యవస్థల్లో పంపితే ప్రశ్నలు స్క్రీన్ మీదే వస్తాయి, కొన్ని మందులకు నిమిషాల్లో జవాబు కూడా వస్తుంది. ఫారంలో చివర "ఇంకేమైనా చెప్పాలా" అనే ఖాళీ ఉంటుంది. అది ఖాళీగా వదిలేయడమే ఎక్కువ. మీ కేసులో మామూలు దారి ఎందుకు కుదరదో రెండు వాక్యాలు అక్కడే పడాలి.

పంపిన రెండో రోజు పీబీఎంకి ఫోన్ చేసి అందిందో లేదో కనుక్కోండి. అందలేదంటే ఆ రోజే క్లినిక్‌కి చెప్పండి. ప్రతి ఫోన్‌కీ తేదీ, మాట్లాడినవాళ్ల పేరు, రిఫరెన్స్ నంబరు ఒక చోట రాసుకోండి. అప్పీల్ దాకా వెళ్తే ఇవే పనికొస్తాయి.

ఆరో అడుగు: గడువులు తెలుసుకుని అడగండి

ఎరిసా కిందకు వచ్చే ఉద్యోగ ప్లాన్లకు మామూలు పీఏపై నిర్ణయానికి 15 రోజులు, అర్జెంట్ అయితే 72 గంటలు. మార్కెట్‌ప్లేస్‌లో (ప్రభుత్వం నడిపే ఇన్సూరెన్స్ సైట్‌లో) సొంతంగా కొన్న ప్లాన్లలో, జాబితాలో లేని మందుకు ఎక్సెప్షన్ అడిగితే 72 గంటలు, అర్జెంట్ అయితే 24 గంటలు. మెడికేర్ (ప్రధానంగా 65 దాటినవాళ్లకు ప్రభుత్వ ఇన్సూరెన్స్) మందుల భాగమైన పార్ట్ డిలోనూ 72 గంటలు, 24 గంటలే. ఎక్సెప్షన్ అయితే డాక్టర్ సపోర్టింగ్ స్టేట్‌మెంట్ అందినప్పటి నుంచి లెక్క. కొన్ని రాష్ట్రాలు తమ పరిధిలోని ప్లాన్లకు ఇంకా గట్టి గడువులు పెట్టాయి. కాలిఫోర్నియాలో మామూలు కేసుకు 72 గంటలు, అత్యవసరమైతే 24 గంటలు. ఆ లోపు జవాబివ్వకపోతే అప్రూవ్ అయినట్టే లెక్క.

2026 నుంచి పీఏలకు ఏడు రోజుల గడువు వచ్చిందని చాలామంది షేర్ చేస్తున్నారు. ఆ ఫెడరల్ నిబంధన మందులకు వర్తించదు, సేవలకే.

నిజంగా ఆలస్యమైతే ప్రమాదం అనే పరిస్థితి ఉంటే, డాక్టర్ "అర్జెంట్" అని రాస్తే చాలు. మీ జబ్బు తెలిసిన డాక్టర్ అలా రాసినప్పుడు ఎరిసా ప్లాన్ దాన్ని అర్జెంట్‌గానే చూడాలి, కాదనడానికి లేదు.

ఏడో అడుగు: డినయల్ వస్తే

ఇక్కడితో అయిపోయిందనుకునేవాళ్లే ఎక్కువ. ప్రైవేటు కంపెనీలు నడిపే మెడికేర్ ప్లాన్లు, అంటే మెడికేర్ అడ్వాంటేజ్ ప్లాన్ల లెక్క చూడండి: 2023లో డినై అయిన పీఏ అభ్యర్థనల్లో 11.7 శాతానికే అప్పీల్ వెళ్లింది; వెళ్లినవాటిలో 81.7 శాతం పూర్తిగానో కొంతవరకో తారుమారయ్యాయని కేఎఫ్‌ఎఫ్ లెక్కగట్టింది. అవి ప్రధానంగా వైద్య సేవల లెక్కలు, ఫార్మసీ మందులవి కాదు. అయినా డినయల్ తిరగరాయలేనిదేం కాదని తెలుస్తోంది.

ముందు ఉత్తరంలో కారణం ఉన్న ఒక్క పేరా చదవండి. కారణాలు చాలావరకు మూడు రకాలు. సమాచారం చాలలేదు అంటే అప్పీల్ అక్కర్లేదు, ఆ కాగితం పెట్టి క్లినిక్ మళ్లీ పీఏ పంపితే పోతుంది. షరతు తీరలేదు అంటే ఏ షరతో చూసి దానికి ఆధారం తేవాలి, లేదా అది మీకు ఎందుకు వర్తించకూడదో డాక్టర్ చెప్పాలి. ప్లాన్‌లో మినహాయింపు అంటే హెచ్‌ఆర్ దారి.

షరతు విషయమైతే డాక్టర్‌ని 'పీర్ టు పీర్' అడగమనండి. ఇన్సూరెన్స్ తరఫు డాక్టర్‌తో మీ డాక్టర్ ఫోన్‌లో మాట్లాడటం ఇది. చాలాచోట్ల దీనికి కొద్ది రోజులే గడువు. పది నిమిషాల మాటతో తేలిపోయే కేసులున్నాయి. తేలకపోతే అప్పీల్.

ఎరిసా ప్లాన్‌లో, మార్కెట్‌ప్లేస్ ప్లాన్‌లో అప్పీల్‌కి డినయల్ అందిన నాటి నుంచి 180 రోజులుంటాయి. మెడికేర్ పార్ట్ డిలో 65 రోజులు. అప్పీల్‌కి ముందు మీ క్లెయిమ్ ఫైలు, నిర్ణయానికి వాడిన క్రైటీరియా ఉచితంగా పంపమని రాతపూర్వకంగా అడగండి, అది మీ హక్కు. ఎరిసా ప్రకారం మొదట కాదన్న మనిషి గానీ, అతని కింద పనిచేసే మనిషి గానీ అప్పీల్ చూడకూడదు. వైద్యపరమైన విషయమైతే ఆ రంగం తెలిసిన నిపుణుడిని సంప్రదించాలి. మీ ఉత్తరంలో ఆ నిపుణుడి స్పెషాలిటీ ఏంటో చెప్పమని అడగొచ్చు.

ఉత్తరం పెద్దదిగా ఉండక్కర్లేదు. డినయల్ తేదీ, రిఫరెన్స్ నంబరు పైన పెట్టండి. తర్వాత వాళ్ల కారణాన్ని వాళ్ల మాటల్లోనే ఎత్తి రాసి, కింద జవాబు రాయండి. ఒక్కో షరతుకీ ఒక్కో పేరా, ఒక్కో ఆధారం. కుటుంబ కష్టాలు, ప్రీమియం ఎంత కడుతున్నారో, ఇవన్నీ చదివేవాళ్లకు పనికిరావు. డాక్టర్ రాసే 'లెటర్ ఆఫ్ మెడికల్ నెసెసిటీ' దీనికి జత చేయాలి. అందులో మిగతా మందులు మీకు ఎందుకు సరిపడవో ఉండాలి: కిడ్నీ పనితీరు రిపోర్టు, అలర్జీ, గర్భం ప్లాన్ చేసుకోవడం, ఇంకో మందుతో పడకపోవడం, ఏదైతే అది. ఇప్పటికే మందు వాడుతూ బాగా ఉంటే, ఆపితే ఏమవుతుందో, మొదలుపెట్టక ముందు రిపోర్టుకీ ఇప్పటి రిపోర్టుకీ తేడా ఏంటో ఉండాలి. స్టెప్ థెరపీకి మినహాయింపులు చెప్పే చట్టాలు చాలా రాష్ట్రాల్లో ఉన్నాయి, మీ ప్లాన్ సెల్ఫ్ ఫండెడ్ కాకపోతే మీ రాష్ట్ర చట్టాన్ని ఉత్తరంలో పేర్కొనండి.

మందు తీసుకోవడానికి ముందు పెట్టిన అప్పీల్‌కి జవాబు 30 రోజుల్లో రావాలి, అర్జెంట్ అయితే 72 గంటల్లో. అదీ కాదంటే ఎక్స్‌టర్నల్ రివ్యూ ఉంటుంది: ఇన్సూరెన్స్‌తో సంబంధం లేని సంస్థ చూస్తుంది, వాళ్ల నిర్ణయానికి ప్లాన్ కట్టుబడాలి. చివరి డినయల్ వచ్చిన నాలుగు నెలల్లోగా అడగాలి. మామూలుగా 45 రోజుల్లో, అర్జెంట్ అయితే 72 గంటల్లో తేలుస్తారు. ఫీజు ఉన్నా 25 డాలర్లు దాటదు. వైద్యపరమైన వివాదాలే ఇక్కడ చూస్తారు. సాయానికి, సెల్ఫ్ ఫండెడ్ ప్లాన్ అయితే కార్మిక శాఖలోని ఎబ్సా ఉచిత నంబరు 1-866-444-3272. ఇతర ప్లాన్లకు మీ రాష్ట్ర ఇన్సూరెన్స్ శాఖ.

ఈలోగా మందు అయిపోతే

డాక్టర్ దగ్గర శాంపిల్స్ ఉన్నాయా అడగండి. ఖరీదైన మందులు కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు కొన్ని తయారీ కంపెనీలే పీఏ తేలేదాకా మందు ఇచ్చే బ్రిడ్జ్ ప్రోగ్రాములు నడుపుతాయి. కోపే (మందు తీసుకునేటప్పుడు మీరు కట్టే వాటా) తగ్గించే ఆ కంపెనీల కార్డులు మెడికేర్, మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ప్రభుత్వ ఇన్సూరెన్స్) ఉన్నవాళ్లకు పనిచేయవు. మెడికేర్ పార్ట్ డిలో కొత్త ప్లాన్‌లో చేరిన మొదటి 90 రోజుల్లో, అప్పటికే వాడుతున్న మందుకు నెల సరఫరా ఒకసారి ఇవ్వాలి, ట్రాన్సిషన్ ఫిల్ అంటారు. డబ్బులిచ్చి కొంటే రసీదు, ఫార్మసీ లేబుల్ రెండూ దాచండి. తర్వాత అప్రూవ్ అయితే తిరిగి ఇమ్మని అడగొచ్చు. జెనరిక్ అయితే మార్క్ క్యూబన్ 2022లో మొదలుపెట్టిన కాస్ట్ ప్లస్ డ్రగ్స్ సైట్‌లో ధర చూడండి. కొన్ని మందులు అక్కడ మీ కోపే కంటే తక్కువే ఉంటాయి, ఇక పీఏ గొడవే అక్కర్లేదు.

అప్రూవ్ అయ్యాక

అప్రూవల్ ఉత్తరంలో డోసు, నెలకు ఎంత, ఏ తేదీ దాకా, ఏ ఫార్మసీ అన్నవి సరిచూసుకోండి. స్పెషాలిటీ మందులకు వాళ్లు చెప్పిన ఫార్మసీ నుంచే తెప్పించుకోవాలి, వీధి చివర ఫార్మసీలో మళ్లీ రిజెక్ట్ అవుతుంది. డోసు పెంచుతూ పోయే ఇంజెక్షన్లకు ఒక్కోసారి కొత్త పీఏ కావాలి. గడువు చాలావాటికి ఏడాది. అది ముగియడానికి నెలన్నర ముందు క్లినిక్‌కి గుర్తు చేయండి. రెన్యువల్‌లో మందు పని చేస్తోందా అని అడుగుతారు కనుక కొత్త ల్యాబ్ రిపోర్టు అప్పటికే ఉండాలి.

ఉద్యోగం మారితే ప్లాన్ మారుతుంది, పీఏ మొదటికొస్తుంది. పాత పోర్టల్ మూసేయకముందే అప్రూవల్ ఉత్తరం, క్లెయిముల చరిత్ర డౌన్‌లోడ్ చేసుకోండి. చివరి వారంలో రీఫిల్ తీసుకోండి. లేఆఫ్ అయితే, హెచ్1బీ వాళ్ల 60 రోజుల టెన్షన్‌లో మందుల మాట మర్చిపోతారు. కోబ్రా (పాత కంపెనీ ప్లాన్‌నే మీ డబ్బుతో కొనసాగించుకోవడం) తీసుకోవాలో లేదో నిర్ణయించుకోవడానికి కూడా కనీసం 60 రోజులుంటాయి, తీసుకుంటే కవరేజీ పోయిన నాటి నుంచీ వర్తిస్తుంది. ప్లాన్ అదే కనుక పాత పీఏ కూడా కొనసాగుతుంది. ఖరీదైన మందు వాడేవాళ్లకు ఆ ప్రీమియం ఒకటి రెండు నెలలైనా గిట్టుబాటు కావొచ్చు.

సంక్రాంతికో పెళ్లికో ఇండియా వెళ్తుంటే రెండు నెలల మందు ఒకేసారి కావాలి, ఫార్మసీలో కోడ్ 79 వస్తుంది. దానికి 'వెకేషన్ ఓవర్‌రైడ్' అని ఉంటుంది. ప్రయాణానికి రెండు మూడు వారాల ముందే పీబీఎంకి ఫోన్ చేసి తేదీలు చెబితే చాలా ప్లాన్లు ఏడాదికి ఒకసారైనా ఇస్తాయి. ఫ్రిజ్‌లో పెట్టాల్సిన ఇంజెక్షన్లయితే డాక్టర్ ఉత్తరం వెంట పెట్టుకోండి.

విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నల విషయంలో ఇవేవీ వర్తించవు. విజిటర్ ఇన్సూరెన్స్ చాలావరకు ముందు నుంచీ ఉన్న బీపీ, షుగర్ మందులకు డబ్బు ఇవ్వదు, పీఏ అడిగే ప్రశ్నే లేదు. 90 రోజులకు సరిపడా మందులు అసలు స్ట్రిప్పుల్లోనే, ప్రిస్క్రిప్షన్‌తో సహా తెచ్చుకోమనండి; మాత్రలన్నీ ఒక డబ్బాలో పోసి తేవద్దని మరీ మరీ చెప్పండి. ఉండేది ఆరు నెలలైతే మధ్యలో ఇక్కడి డాక్టర్‌కి చూపించి జెనరిక్ రాయించుకోవచ్చు. మెట్‌ఫార్మిన్ లాంటివి వాల్‌మార్ట్ జాబితాలో నెలకు 4 డాలర్లకు, మూడు నెలలకు 10 డాలర్లకు దొరుకుతాయి, ఇన్సూరెన్స్ కార్డు తీయక్కర్లేదు.